పప్పుచారు మరకకు అర మార్కు

మా అమ్మాయి సైన్స్ స్లిప్ టెస్ట్ పేపర్ ఇప్పుడే చూశాను. ఒళ్ళు మండిపోతోంది, అందుకే ఈ పోస్ట్ పెద్దదే అవుతుంది. ఓపిక లేనివాళ్ళు ఇక్కడే దిగిపోవచ్చు.

ఏడో తరగతి. ఆమ్లాలు, క్షారాల పాఠం. ప్రశ్న: పసుపు సూచికగా ఎలా పనిచేస్తుంది? రెండు మార్కులు. మా పిల్ల ఏం రాసిందంటే, యూనిఫామ్ మీద పడ్డ పప్పుచారు మరకకు సబ్బు రుద్దితే ఎర్రగా మారింది, దాని మీద నిమ్మకాయ పిండితే మళ్ళీ పసుపుపచ్చగా అయింది, కాబట్టి సబ్బులో క్షారం ఉంది, నిమ్మకాయలో ఆమ్లం ఉంది అని. దానికి అర మార్కు. పక్కన ఎర్ర ఇంకుతో "నాట్ యాజ్ పర్ టెక్స్ట్" అని ఒక రిమార్కు, కింద రెండు గీతలు.

అది కల్పించి రాసింది కాదండీ. శనివారం వేసుకునే తెల్ల యూనిఫామ్ అది. బాత్రూమ్‌లో సబ్బు రుద్దుతూ "అమ్మా, రక్తం!" అని కేక పెడితే నేను పొయ్యి మీద పాలు వదిలేసి పరిగెత్తాను. రక్తం కాదు, పసుపే అని చెప్పాను. అంతే, ఫ్రిజ్‌లో ఉన్న నిమ్మచెక్క తెచ్చి పిండింది. రంగు పోయింది. మళ్ళీ సబ్బు. మళ్ళీ ఎరుపు. సబ్బంతా అరగదీస్తోందని నేనే తిట్టాను. సైన్స్ అంటే ఇదేనని నేననుకున్నాను. కాదట. సైన్స్ అంటే "టర్మరిక్ ఈజ్ ఎ నేచురల్ ఇండికేటర్" అనే ముక్క పొల్లుపోకుండా దించడమట.

సార్‌కి ఫోన్ చేశాను. "పాప తెలివైనదే మేడమ్, కానీ ఓన్ ఆన్సర్స్ రాస్తోంది. ఇప్పట్నుంచే కంట్రోల్ చేయకపోతే కష్టం" అన్నారు. పిల్లకి గంజాయి అలవాటైనట్టు చెప్పారండీ బాబూ!

ఆయన్ని అని ఏం లాభం? పైనంతా అదే కదా. 2024 నీట్ గుర్తుందా? గ్రేస్ మార్కుల గోల అందరికీ గుర్తుంటుంది. నేననేది ఆ ఫిజిక్స్ ప్రశ్న గురించి. పరమాణువుల మీద ఒక బిట్. దానికి రెండు జవాబులు కరెక్టే అన్నారు. ఎందుకు? పాత ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలో అలా ఉంది కాబట్టి! పుస్తకం ఎడిషన్‌ని బట్టి పరమాణువు తన గుణం మార్చుకుంటుంది కాబోలు. చివరికి సుప్రీంకోర్టు ఐఐటీ ఢిల్లీ నిపుణుల్ని అడిగితే, జవాబు ఒక్కటే అని తేల్చారు. ముందు 67 మందికి 720కి 720 వచ్చాయన్నారు కదా, అన్నీ సరిచేశాక మిగిలింది 17 మంది. దేశం మొత్తం మీద డాక్టర్లను ఎంచే పరీక్ష ఇది. దీని పేరు చెప్పే మా పిల్లకి ఏడో తరగతిలోనే ఫౌండేషన్ అని ఓఎంఆర్ షీట్ చేతికిచ్చి, నెగటివ్ మార్కింగ్ పెట్టి, ఆదివారం సాయంత్రం వాట్సాప్ గ్రూపులో ర్యాంకులు పడేస్తున్నారు. పక్క ఫ్లాట్ ఆంటీకి మా కంటే ముందే తెలిసిపోతుంది. "ఏంటమ్మా, ఈ వారం తగ్గిందంట" అని లిఫ్ట్‌లో పరామర్శ.

ఇంకో చోద్యం. హత్య కేసులో అనుమానితుడు ఉంటాడు కదా, వాడికి కూడా ఇష్టం లేకుండా మత్తుమందిచ్చి ప్రశ్నలడిగే నార్కో టెస్టు గానీ, అబద్ధం పట్టే పాలిగ్రాఫ్ గానీ చేయకూడదని 2010లో సెల్వి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. వాడు సరేనన్నా సరే, ఆ టెస్టు ఫలితాన్ని నేరుగా సాక్ష్యంగా తీసుకోరు. ఎందుకంటే ఆ టెస్టు మీద కోర్టుకు అంత నమ్మకం లేదు, పైగా మనిషికి మౌనంగా ఉండే హక్కుంది. బాగుంది, ఉండాల్సిందే. మరి పన్నెండేళ్ళ పిల్లకి ఆ హక్కు ఎక్కడుంది? ఆ అర మార్కు సాక్ష్యం కాదు, తీర్పే. ప్రోగ్రెస్ కార్డులో ఎక్కుతుంది, సెక్షన్ మారిపోతుంది, కింది సెక్షన్‌కి మంచి టీచర్లను వేయరు. అప్పీలుకి ఎక్కడికి వెళ్ళాలి?

కూరగాయల బండి తాసుకి కూడా తూనికలు కొలతల శాఖ వాళ్ళు ముద్ర వేయాలి. ప్రశ్నపత్రానికీ, జవాబుల కీకీ ఏ ముద్రా అక్కర్లేదు. తెలంగాణలో 2019 ఇంటర్ ఫలితాల్లో ఏమైంది? తెలుగులో 99 వచ్చిన అమ్మాయికి సున్నా వేసి ఫెయిల్ చేశారు. ఆ ఫలితాల తర్వాత 20 మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఒక త్రిసభ్య కమిటీ వేశారు. తర్వాతి ఏడాది మళ్ళీ పరీక్షలు, మళ్ళీ ఫలితాలు, మళ్ళీ పేపర్ల నిండా ఫొటోలు. దీని గురించి ఇంకా రాస్తే నాకు నిద్ర పట్టదు, వదిలేస్తున్నా.

టెస్టులు వద్దని నేననట్లేదు. ఆ బాత్రూమ్‌లో జరిగింది టెస్టు కాదా? పెట్టండి, అలాంటివి పెట్టండి. పెట్టరు. ఎందుకంటే పెట్టాల్సిన చోట ఏం జరుగుతోందో మన రెండు తెలుగు రాష్ట్రాల్లో అందరికీ తెలుసు. ఇంటర్ ప్రాక్టికల్స్!

ఇక నా పాత మంట. నేను బైపీసీ, గవర్నమెంట్ జూనియర్ కాలేజీ. మా కెమిస్ట్రీ సార్ నిజంగా ల్యాబ్ తాళం తీసే మనిషి. సాల్ట్‌లో నైట్రేట్ ఉందో లేదో చూడాలంటే ఫెర్రస్ సల్ఫేట్ ద్రావణం అప్పటికప్పుడు కలుపుకొని, పరీక్షనాళిక వంచి, గోడ వెంట గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం బొట్టు బొట్టుగా జార్చాలి. నైట్రేట్ ఉంటే నాళికలో ఒక రంగు రింగ్ వస్తుంది, చెయ్యి కదిలితే అది చెదిరిపోతుంది. ఆ రోజు నాకు సాల్ట్‌లో నైట్రేట్ వచ్చింది. రింగ్ తెప్పించాను, బయటి కాలేజీ నుంచి మార్కులు వేయడానికొచ్చిన ఎక్స్‌టర్నల్‌కి చూపించాను. ముప్పైకి 26 వేశాడు. మా సార్ వెళ్ళి అడిగితే "గవర్నమెంట్ కాలేజీకి ఇదే ఎక్కువ" అన్నాడట.

అదే ఏడాది మా పిన్ని కొడుకు కార్పొరేట్ హాస్టల్లో ఎంపీసీ. ఫిజిక్స్ 30, కెమిస్ట్రీ 30. సంక్రాంతికి వచ్చినప్పుడు వాడే చెప్పాడు, రికార్డులు డబ్బులిచ్చి రాయించారనీ, ల్యాబ్ అంటే స్టడీ అవర్‌కి ఇంకో రూమనీ. పిపెట్ ఏ వైపు నోట్లో పెట్టుకోవాలో కూడా వాడికి తెలియదు. ఆ మార్కుల లిస్టు మా పిన్ని ల్యామినేషన్ చేయించి, ఇంటికి ఎవరొచ్చినా చూపించేది. మా అమ్మ నా వైపు చూసేది. ఆ మధ్య ప్రాక్టికల్స్‌కి జంబ్లింగ్, అంటే పిల్లల్ని వేరే కాలేజీకి పంపి పరీక్ష చేయించడం, పెడతామంటే కార్పొరేట్ యాజమాన్యాలు అంత గగ్గోలు ఎందుకు పెట్టాయో మీకు వేరే చెప్పాలా?

ఆ మహానుభావుడు ఇప్పుడు డల్లాస్‌లో ఉన్నాడు. ఫ్యామిలీ గ్రూపులో ఇందాక ఈ పేపర్ ఫొటో పెడితే వాడి రిప్లై: "అక్కా, కీవర్డ్స్ మిస్సయ్యాయి. కాంపిటీషన్‌లో ఇవన్నీ మ్యాటర్ అవుతాయి." కింద ఒక చేతులు జోడించిన బొమ్మ. పిన్ని దానికి లైక్ కొట్టింది.

నేను ఒక్కటే అడిగాను. ఒరేయ్, నీకు ముప్పైకి ముప్పై వచ్చాయి కదా, గూగుల్ చూడకుండా నైట్రేట్ రింగ్ ఏ రంగులో ఉంటుందో చెప్పరా అని. చూశాడు. జవాబు లేదు. వాడు ఫేస్‌బుక్‌లో నన్ను ఎప్పుడో బ్లాక్ చేశాడు కాబట్టి, మన బంధువులు ఎవరైనా ఇది చదివితే వాడికి పంపండి. నా పేరు పెట్టే పంపండి.