గ్యాస్ గారికి బహిరంగ లేఖ: ఛాతీలో ఏం జరిగినా మీ ఖాతాలోనేనా?

గ్యాస్ గారూ, నమస్కారం.

మీరు క్షేమమేనా అని వేరే అడగక్కర్లేదు. కడుపు ఉబ్బితే మీరే, నడుం పట్టేస్తే మీరే, తల తిరిగితే మీరే, ఎడం భుజం లాగుతోందంటే "గ్యాస్ అక్కడ పట్టేసిందిలే" అని పక్కవాళ్లు మీ అడ్రసు కూడా చెప్పేస్తారు. పేగుల్లో పుట్టిన గాలి పొట్ట దాటి, పొట్టకీ ఛాతీకీ మధ్య అడ్డంగా ఉండే కండరపు పొర దాటి, పక్కటెముకల సందుల్లోంచి భుజం దాకా ఏ దారిన వెళ్తుందో నేను చాలా వెతికాను. అలాంటి దారి లేదు. అయినా మీరు వెళ్తారు.

ఈ ఉత్తరం ఇప్పుడెందుకంటే, మూడు నెలల కిందట నా ఛాతీలో మొదలైన ఒక బరువుకి మీ పేరు పెట్టి పదహారు రోజులు పెంచి పోషించాను. మెట్లు ఎక్కుతుంటే సరిగ్గా రెండో అంతస్తు దగ్గర వచ్చేది, ఎవరో ఛాతీ మీద ఎక్కి కూర్చున్నట్టు. రెయిలింగ్ పట్టుకుని ఆగేవాణ్ణి. ఆగి, రెండు గుటకలు మింగి, బలవంతంగా ఒక త్రేన్పు తెప్పించుకునేవాణ్ణి. రెండు నిమిషాల్లో నొప్పి పోయేది. ఇంకేం కావాలి, త్రేన్పు వచ్చింది, నొప్పి పోయింది, కేసు కొట్టేశారు. ఆగి నిలబడటం వల్ల తగ్గిందేమో అన్న ఆలోచన ఒక్కనాడూ తట్టలేదు. ఆగింది కాళ్లు, పేరొచ్చింది త్రేన్పుకి.

మీకు తెలుసో లేదో, మీ పైవాటాలో ఒకాయన కాపురం ఉంటున్నాడు. మనిషి పిడికిలంత సైజు, బరువు ఇంచుమించు 300 గ్రాములు. ఎడం పక్కన ఉంటాడని అందరం చెయ్యి వేసి చూపిస్తాం గానీ ఉండేది దాదాపు మధ్యలోనే, కొస మాత్రం ఎడమవైపు వాలి ఉంటుంది. మీలాగా ఎప్పుడో వచ్చి పోయే రకం కాదు, తల్లి కడుపులో నెల నిండకముందే మొదలుపెట్టిన పని ఇంతవరకూ ఆపలేదు. నిమిషానికి 70 సార్లు అనుకుంటే రోజుకి లక్ష పైచిలుకు, ఒక్కో దెబ్బకి 70 మిల్లీలీటర్లు అనుకుంటే రోజుకి 7,000 లీటర్లు. కుడి సగం రక్తాన్ని ఊపిరితిత్తులకి తోస్తుంది, ఎడమ సగం మిగతా ఒళ్లంతటికీ. కుడివైపు పై గదిలో ఉన్న చిన్న కణాల ముద్ద కరెంటు పుట్టిస్తుంది, ఆ కరెంటు కింది గదులకి వెళ్లేముందు మధ్యలో సెకనులో పదో వంతు ఆగుతుంది, పైన ఉన్న రక్తం కిందికి దిగేదాకా. మర్యాదంటే అదీ. లబ్ డబ్ అని మనం ముద్దుగా చెప్పుకునే చప్పుడు కూడా కండరానిది కాదు, కవాటాలు మూసుకుంటున్న చప్పుడు.

ఇంత రక్తం చేతుల మీదుగా పోతుంటే ఆయనకేం లోటు అనుకుంటాం కదా, అసలు దరిద్రం అక్కడే ఉంది. గదుల నిండా రక్తం ఉన్నా, ఏదో లోపలి పల్చటి పొర తప్ప, ఆ కండరం దాంట్లోంచి చుక్క కూడా తాగలేదు. బ్యాంకు క్యాషియరు బతుకు. తన వాటా వేరే దారిలో రావాలి: ఒళ్లంతటికీ రక్తం మోసే పెద్ద గొట్టం బృహద్ధమని, దాని మొదట్లోనే బయల్దేరే రెండు కరోనరీ ధమనులు, 3, 4 మిల్లీమీటర్ల లావు. అది కూడా పని చేస్తున్నంతసేపూ సరిగ్గా అందదు, ఎందుకంటే బిగుసుకున్నప్పుడు ఎడమ గది కండరం తన రక్తనాళాలని తానే నొక్కేసుకుంటుంది, వదులైనప్పుడే దానికి తిండి. మెట్లెక్కితే కొట్టుకోవడం పెరుగుతుంది, వదులయ్యే టైము తగ్గుతుంది, ఆకలేమో ఇంకా పెరుగుతుంది. దానికి తోడు ఆ సన్నటి గొట్టంలో ఏళ్ల తరబడి కొవ్వు పేరుకుని ఉంటే, కుర్చీలో ఉన్నప్పుడు సరిపోయిన రక్తం రెండో అంతస్తు దగ్గర సరిపోదు. నా పదహారు రోజుల గ్యాస్ ఇదీ. డాక్టర్లు దీన్ని ఆంజైనా అంటారు.

ఇదేం కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. విలియం హెబర్డెన్ అనే లండన్ డాక్టరు 1768లోనే దీన్ని వర్ణించి చెప్పాడు: నడుస్తుంటే వస్తుంది, ముఖ్యంగా ఎత్తు ఎక్కుతుంటే, తిన్న కాసేపటికి, నిలబడితే పోతుంది అని. ఆ "తిన్న కాసేపటికి" అన్న ముక్కలోనే మీ అదృష్టం పండింది. తిన్నాక పేగులకి రక్తం ఎక్కువ కావాలి, గుండె ఎక్కువ శ్రమపడాలి, ఆ సమయంలో నడిస్తే నొప్పి ఇంకా తొందరగా వస్తుంది. మనకి అంత కథ ఎందుకు. తిన్నాం, నొప్పి వచ్చింది, గ్యాస్.

ఇంకో తమాషా చూడండి. మీ కింది వాటాలో యాసిడ్ ఎగదన్ని అన్నవాహికని కాలిస్తే పుట్టే మంటకి మన భాషలో పేరేమిటి? గుండెల్లో మంట. పైవాటాలో రక్తం అందక వచ్చే నొప్పికి? గ్యాస్. రాత్రికి రాత్రి ఎవరో రెండు వాటాల నేమ్ బోర్డులూ మార్చేసినట్టుంది. డాక్టర్లు కూడా తక్కువేం తినలేదు, అన్నవాహిక వచ్చి జీర్ణాశయంలో కలిసే చోటుకి కార్డియా అని గుండె పేరే పెట్టుకున్నారు, పక్కనే ఉంది కదా అని.

మీ తరఫున ఒకటి ఒప్పుకోవాలి. తప్పంతా మీది కాదు, ఆ పైవాటా ఆయనకి మాట్లాడటం రాదు. వేలు కోసుకుంటే ఏ వేలో ఠక్కున తెలుస్తుంది. గుండె నుంచి వచ్చే నొప్పి నరాలు మాత్రం వెన్నుపాములో ఛాతీ చర్మం నుంచీ, ఎడం చెయ్యి లోపలి వైపు నుంచీ వచ్చే నరాలు చేరే చోటే చేరతాయి. ఫిర్యాదు ఎవరిదో మెదడుకి అర్థం కాదు. రోజూ కబుర్లు వచ్చేది చెయ్యి నుంచే కాబట్టి చెయ్యే అనుకుంటుంది, ఒక్కోసారి దవడ అనుకుంటుంది, వీపు అనుకుంటుంది, పొట్ట పైభాగం అనుకుంటుంది. అన్నవాహికేమో సరిగ్గా గుండె వెనకాలే దిగుతుంది, దాని నరాలూ ఇంచుమించు అక్కడికే. అందుకే ఛాతీ మీద చెయ్యి పెట్టి చూసి ఇది గ్యాసు, ఇది గుండె అని తేల్చడం ఎవరి వల్లా కాదు. యాసిడ్ మందుతో తగ్గితే అది గ్యాస్ అని రుజువు కాదు. ఆ మాటకొస్తే నాలుక కింద పెట్టుకునే గుండెనొప్పి మందు నైట్రోగ్లిజరిన్‌తో తగ్గినా గుండెదే అని రుజువు కాదు, బిగుసుకున్న అన్నవాహిక కూడా దానికి వదులవుతుంది. షుగరు ఏళ్ల తరబడి ఉన్నవాళ్లలో ఆ నరాలే మొద్దుబారి అసలు నొప్పే తెలియకపోవచ్చు. ఆడవాళ్లలో ఛాతీ నొప్పితో పాటు ఆయాసం, నీరసం, వికారం కలిసి రావడం ఎక్కువ. ఆ వికారం ఒక్కటి చాలు, రిపోర్టులో మీ పేరు రాసేయడానికి.

గుండె పేరు మీద మనకి మాటల కరువుందా అంటే అదీ లేదు. గుండె జారిపోతుంది, గుభేలుమంటుంది, చెరువవుతుంది, రాయి అవుతుంది, గుండెల మీద కుంపటి పెట్టుకుంటాం. ఏమీ కానప్పుడు ఇన్ని మాటలు. నిజంగానే గుండెల్లో రైళ్లు పరిగెత్తినప్పుడు, అంటే పై గదులు ఒక పద్ధతీ పాడూ లేకుండా వణుకుతూ కింది గదుల్ని తాళం తప్పించే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ వచ్చినప్పుడు మాత్రం "గ్యాస్ పైకి తన్ని దడ పుట్టిందిలే". ఆ వణుకులో ఎడమ పై గది మూలన రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ మెదడుకి కొట్టుకుపోతే పక్షవాతం. నిజంగానే గుండె చెరువైతే, అంటే పంపు బలహీనపడి ఊపిరితిత్తుల్లో నీరు చేరి, వెల్లకిలా పడుకుంటే ఊపిరాడక మూడు దిండ్లు ఎత్తు పెట్టుకునే హార్ట్ ఫెయిల్యూర్ వస్తే, "రాత్రి ఆలస్యంగా తిన్నాను, గ్యాస్". సాయంత్రానికి పాదాలు వాచి, నొక్కితే గుంట పడుతుంటే ఏమంటారో మరి, గ్యాస్ కాళ్లలోకి దిగిందని ఇంతవరకు నా చెవిన పడలేదు, ఇకముందు పడదని నమ్మకం లేదు. అన్నట్టు గుండె పగలడం కూడా ఉత్త మాట కాదు. పెద్ద దుఃఖమో దిగ్భ్రాంతో తగిలాక ఎడమ కింది గది కొస బెలూన్‌లా ఉబ్బి పని మానేసే జబ్బుని 1990లో జపాన్ డాక్టర్లు వర్ణించి, ఆక్టోపస్‌లని పట్టే కుండలా కనిపిస్తోందని టకోట్సుబో అని పేరు పెట్టారు. చాలామందిలో కొన్ని వారాలకి అదే సర్దుకుంటుంది.

సరే, నా కథకొస్తాను. పదిహేడో రోజు తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చింది. మెట్లు లేవు, నడక లేదు, మంచం మీదే ఉన్నాను, అయినా అదే బరువు, ఈసారి పోవడం లేదు. చొక్కా పిండితే కారేంత చెమట. లేచి నేను చేసిన మొదటి పని మీ మాత్ర వేసుకోవడం. కాసేపాగి ఇంకోటి. బావమరిదికి ఫోన్ చేస్తే "గ్యాస్ అయ్యుంటుంది బావా, తెల్లారాక చూద్దాం" అన్నాడు. ఈ "అయ్యుంటుంది"కి చదువు అక్కర్లేదు, ఫీజు లేదు, రాత్రి మూడింటికి కూడా దొరుకుతుంది. మా ఆవిడ లైటు వేసి నా మొహం చూసి, "గ్యాసైతే చెమటెందుకండీ?" అని ఒక్క ముక్క అడిగింది. నా దగ్గర జవాబు లేదు. అంబులెన్సుకి ఫోన్ చేసింది తనే, నేనప్పటికీ కారు నేనే నడుపుతానంటున్నాను, నడిపుంటే ఈ ఉత్తరం రాసేవాడు ఉండేవాడు కాదు, దారిన పోయేవాళ్లు కొందరు కూడా.

లోపల జరిగిందేమిటంటే, పేరుకున్న కొవ్వు మీది పల్చటి మూత పగిలింది, ఒళ్లు దాన్ని గాయం అనుకుని శ్రద్ధగా రక్తం గడ్డకట్టించింది, దారి మూసుకుపోయింది. ఆ అవతల ఉన్న కండరం అరగంటలోపే చావడం మొదలుపెడుతుంది, గంటలు గడిచేకొద్దీ మిగిలేది తగ్గిపోతుంది, చచ్చింది మళ్లీ మొలవదు. నేను రెండు మాత్రలూ ఒక ఫోనూ అంటూ నలభై నిమిషాలు తగలేశాను. ఇంకా చెప్పనా, హాస్పిటల్లో తీసిన మొదటి ఈసీజీ దాదాపు మామూలుగానే ఉంది. ఒంటి నిండా వైర్లు అతికించుకుని ఉండి కూడా నేను మా ఆవిడ వైపు గెలిచినవాడిలా చూశాను. ఇరవై నిమిషాలాగి తీసిన రెండోదాంట్లో గీత పైకి లేచింది. చచ్చే కండరంలోంచి రక్తంలోకి కారే ట్రోపోనిన్ అనే ప్రోటీను రక్తపరీక్షలో ఆ తర్వాత తీరిగ్గా బయటపడింది. మణికట్టులోంచి సన్నటి గొట్టం పంపి, బుడగ ఊది, దారి మళ్లీ మూసుకోకుండా స్టెంటు అనే చిన్న జాలీ గొట్టం పెట్టారు, నేను మెలకువగా ఉండి చూస్తుండగానే. ఇలా మనిషి కరోనరీ ధమనిలో బుడగ ఊదడం మొదలైంది 1977లో, జూరిచ్‌లో, ఆండ్రియాస్ గ్రుంట్‌జిగ్ చేతుల మీద.

అక్కడే ఇంకో తేడా తెలిసింది. నాది గొట్టం తంటా. మనిషి ఉన్నట్టుండి కుప్పకూలి, పిలిస్తే పలక్క, ఊపిరి తీసుకోకపోతే అది కరెంటు తంటా, కార్డియాక్ అరెస్టు. మొదటిది ముదిరి రెండోది కావచ్చు. అప్పుడు ఫోన్ చేయించి, అంబులెన్సు వచ్చేదాకా ఛాతీ మధ్యలో 5, 6 సెంటీమీటర్లు దిగేలా నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కుతూనే ఉండాలి, షాకు ఇచ్చే మిషను దగ్గర్లో ఉంటే తెప్పించాలి. ఆ సమయంలో మాత్రం మీ పేరు ఎవరూ ఎత్తరు. అంతకు గంట ముందు ఎత్తి ఉంటారు.

ఇంటికి పంపేటప్పుడు ఐదు మాత్రలు రాశారు. రక్తం గడ్డకట్టకుండా రెండు, కొవ్వుకి ఒకటి, బీపీకి ఒకటి. ఐదోది చూసి నవ్వాగలేదు, గ్యాస్ మాత్ర. మొదటి రెండూ కడుపులో పుండు చేసి రక్తం కారకుండా కాపలాకట. మొత్తానికి డాక్టరు చీటీలోకి అధికారికంగా ఎక్కారు, సంతోషం.

నిన్న రాత్రి మీరు నిజంగానే వచ్చారు. మీ రాక నాకు తెలియదా, ఇన్నేళ్ల పరిచయం. ఎంత చెప్పినా మా ఆవిడ వినలేదు. ఈసీజీ రెండుసార్లు, ట్రోపోనిన్ రెండుసార్లు, మధ్యలో మూడు గంటలు గట్టి బల్ల మీద నేను. చివరికి డ్యూటీ డాక్టరు వచ్చి "గ్యాసేనమ్మా" అంటే, ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసి అడిగింది:

"గ్యాసేనా, అయ్యుంటుందా?"

ఇట్లు,
మీ మాజీ భక్తుడు