హోలషోవిత్సె అందం వెనుక ఉన్న చరిత్ర

చెక్ రిపబ్లిక్‌లో, దక్షిణ బొహీమియా ప్రాంతంలోని హోలషోవిత్సె గ్రామం గురించి మీ వ్యాసం బాగుంది. వంపులు తిరిగిన ఇళ్ల ముఖాల గురించి చక్కగా రాశారు. కానీ ఆ ఊరు చెక్కుచెదరకుండా ఎలా మిగిలిందో కూడా రాసి ఉండాల్సింది. నాకు అసలు కథ అదే అనిపిస్తుంది.

1520ల్లో ప్లేగు వచ్చి ఊరు దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. ఇద్దరే మిగిలారని చెబుతారు. అప్పట్లో ఊరు విష్షీ బ్రోడ్ అనే క్రైస్తవ మఠం అధీనంలో ఉండేది. తర్వాత బవేరియా, ఆస్ట్రియాల నుంచి కుటుంబాలు వచ్చి స్థిరపడ్డాయి. అలా అది జర్మన్ మాట్లాడే ఊరైంది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక జర్మన్లను దేశం నుంచి పంపేశారు. ఇళ్లు చాలావరకు ఖాళీ. కూల్చి కొత్తవి కట్టేవాళ్లే లేకపోవడంతో పాత ఊరు పాతగానే నిలిచింది. 1990 తర్వాత మరమ్మతులు చేశారు, 1998లో యునెస్కో వారసత్వ గుర్తింపు వచ్చింది. అంటే మనం ఫొటోలు తీసుకునే ఆ అందం వెనుక ఇల్లూ పొలమూ వదిలి వెళ్లినవాళ్ల బాధ ఉంది. దాన్ని దాటేసి రాయడం న్యాయం కాదు.

చెస్కే బుదెయోవిత్సె నగరం నుంచి దగ్గరే కాబట్టి వెళ్లేవాళ్లు తీరిగ్గా చూడండి. మధ్యలో పొడవాటి పచ్చిక, చేపల చెరువు, 1755 నాటి చిన్న ప్రార్థనాలయం. చుట్టూ వరసగా ఇళ్లు, ఇంటికీ ఇంటికీ మధ్య కమాను గేటు. ఆ గేటు లోపల పెరడు, వెనక ధాన్యం కొట్టం, ఆ పైన పొలాలు. మధ్యయుగంలో గీసిన హద్దులు ఇప్పటికీ తెలుస్తాయి.