గుంటూరు మిర్చికి ‘వరల్డ్ ఫేమస్’ సర్టిఫికెట్ ఎవరిచ్చారు?

వాట్సాప్ గ్రూపుల్లో ఈ మధ్య బాగా తిరుగుతున్న మాట ఇది: ‘గుంటూరు మిర్చి ప్రపంచంలోకెల్లా కారమైనది, అందుకే వరల్డ్ ఫేమస్. దానికి ప్రభుత్వం ఇచ్చిన గుర్తింపే జీఐ ట్యాగ్. అది లేనివాళ్లు వరల్డ్ ఫేమస్ అని బోర్డు పెడితే కేసు.’ మన ఊరిని పొగుడుతోంది కదా అని చూడకుండా ముందుకు తోసేస్తున్నారు. మిర్చికి పేరున్న మాట నిజం. దానికి చెప్పిన కారణాలే తప్పు.

కారం సంగతి చూద్దాం. మిర్చి ఘాటును కొలిచే స్కోవిల్ లెక్కలో గుంటూరు సన్నం రకానిది సుమారు 35,000 నుంచి 40,000. ఈశాన్య రాష్ట్రాల్లో పండే భూత్ జొలోకియా మిర్చిది 10 లక్షల పైమాటే. 2007లో ప్రపంచంలోకెల్లా ఘాటైన మిర్చిగా గిన్నిస్ రికార్డు దానికి దక్కింది. 2023లో ఆ రికార్డు అమెరికాలో పెంచిన మిర్చి రకం పెప్పర్ ఎక్స్‌కి వెళ్లింది, దాదాపు 27 లక్షలతో. అంతెందుకు, మన గుంటూరు మిర్చి యార్డులోనే దొరికే తేజ రకం సన్నం కంటే ఘాటు. పెప్పర్ ఎక్స్‌తో ఆవకాయ పెడితే తినేవాడెవడు? రోజూ కూరలో వేసుకోగలిగిన కారం, మంచి రంగు, దాంతోపాటు పెద్ద యార్డు, చుట్టూ కోల్డ్ స్టోరేజీలు, ఎగుమతి వ్యాపారం ఉన్నాయి కాబట్టే గుంటూరు పేరు చైనా, శ్రీలంక, బంగ్లాదేశ్ వ్యాపారులకు తెలుసు. అక్కడి మామూలు జనానికి ఎంతమందికి తెలుసన్నది వేరే ప్రశ్న. వరల్డ్ ఫేమస్ అనేటప్పుడు మనం ఈ తేడా చూడం.

ఇక జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు. 1999 నాటి చట్టం ప్రకారం అది చెప్పేది ఒక్కటే: ఈ సరుకు గుణానికో పేరుకో అది పుట్టిన ప్రాంతంతో సంబంధం ఉందని. ఆ పేరు దేశం దాటి ఉండాలన్న షరతేమీ లేదు. గుంటూరు సన్నానికి జీఐ ఉంది. పల్నాడులోని దుర్గి రాతి శిల్పాలకూ ఉంది. ఆ శిల్పాల గురించి విజయవాడలో నలుగురిని అడిగి చూడండి, ట్యాగ్‌కీ ఫేమస్‌కీ ఎంత దూరమో తెలుస్తుంది.

బోర్డు మీద కేసు అన్నది ఉత్త బెదిరింపు. వరల్డ్ ఫేమస్ అని సర్టిఫికెట్ ఇచ్చే ఆఫీసే లేదు. బజ్జీల బండి మీద ఆ మాట చూసి జనం నవ్వుకుని, బజ్జీ బాగుంటే మళ్లీ వస్తారు. జీఐ లేని సరుకును జీఐ ఉన్నట్టు చెప్పి అమ్మితేనే చట్టం అడ్డొస్తుంది.