కమలా అరగంట, పీచుమిఠాయి సాయంత్రం దాకా

ఎండాకాలం బెజవాడలో తీపి పండ్ల వాసన కలిసిన నిమ్మజాతి సెంటు కొట్టుకోవచ్చా, కూడదా అన్నదే వాదం. మధ్యలో పెట్టుకున్న సీసా 100 ఎంఎల్ ఈడీటీ (ఓ ద టాయిలెట్, సెంటులో పలచని రకం), ధర మూడు వేలు. పైన, అంటే ముందుగా వచ్చే వాసనల్లో, కమలా, గ్రేప్‌ఫ్రూట్, బెర్గమాట్ అనే నిమ్మజాతి పండు. నడుమ అనాస, పీచ్ పండు. అడుగున, అంటే చివరిదాకా మిగిలేవాటిలో, వెనిలా, మస్క్ (కస్తూరి తరహా వాసన). ఇదే కూర్పుతో రకరకాల సీసాలు దొరుకుతాయి కాబట్టి ఇక్కడ పేరుతో పని లేదు. వన్‌టౌన్‌లో అత్తర్లమ్మే బాబాయ్‌ది వద్దనే పక్షం. గవర్నర్‌పేటలో స్ప్రేలమ్మే అమ్మాయిది కావాలనే పక్షం.

బాబాయ్: నొక్కగానే కమలా తొక్క ముక్కు దగ్గర చిదిమినట్టుంటుంది. జనం పడిపోయేది దానికే, డబ్బు లెక్కపెట్టేది దానికే. కొట్లోంచి దిగి బీసెంట్ రోడ్డు ఆ చివరికి చేరేసరికి కమలా ఉండదు. రోహిణి కార్తెకు రోళ్లే పగులుతాయంటారు, తొక్కనూనె ఎంతసేపు నిలుస్తుందమ్మా? పోయే వాసన చూపించి, ఉండిపోయే వాసన అంటగట్టడం ఇది.

అమ్మాయి: పోతుంది బాబాయ్, నేనూ ఒప్పుకుంటాను. కమలా తొక్కనూనెలో నూటికి 90 పాళ్ల పైన లిమోనీన్ అనే సరుకు ఒక్కటే. తొక్క మడిచి దీపం పక్కన నొక్కితే చిటపటమని మెరుపులు లేస్తాయి చూడండి, ఆ మండేది అదే. అంత తేలిక సరుకు. చర్మం వేడి ఎలాగూ 33 డిగ్రీల దగ్గర ఉంటుంది, బయట 43 ఉన్నరోజు అది ఆగే దారే లేదు. ఏసీ గదిలో అరగంట, ఎండలో పది పదిహేను నిమిషాలు. కానీ దాన్ని అంటగట్టడం అనకండి. మల్లెలు సాయంత్రం విచ్చి తెల్లారేసరికి వాడిపోతాయి, అయినా మూర కొంటాం కదా.

బాబాయ్: మూర మల్లెలకు మూడు వేలు పెట్టం. పైగా పూలమ్మి పొద్దుటిదాకా ఉంటాయని చెప్పదు. స్ప్రే కొట్లలో చెబుతారు: "అడుగున మస్క్ ఉంది, కమలాను పట్టి ఉంచుతుంది" అని. నిజమేనా అది?

అమ్మాయి: నిజం కాదు. మస్క్, వెనిలా తమంతట తాము ఎక్కువసేపు ఉంటాయి, అంతే. వాటికి లిమోనీన్‌ను ఆపే శక్తి లేదు. సెంటు కూర్చేవాళ్లు చేసేది వేరే పని. కమలా వెళ్లిపోయాక కూడా ఉన్నట్టే అనిపించే బరువు సరుకు కలుపుతారు. గ్రేప్‌ఫ్రూట్‌లో నూట్కటోన్ ఉంటుంది. పంపరపనస తొన మీది తెల్లపొర కొరికితే వచ్చే చేదు ఉంటుందే, దానికి దగ్గర వాసన. అది గంటలు నిలుస్తుంది. హెడియోన్ అని ఇంకొకటి, మల్లెజాతి పూల వాసనే గానీ నీళ్లు చిలకరించినంత పలచన. సెంట్లు కూర్చే ఎడ్మండ్ రుద్నిత్స్కా 1966లో దియోర్ కంపెనీ వాళ్ల "ఓ సొవాజ్" సెంటులో వాడాక నిమ్మజాతి సెంట్ల తీరే మారింది. మంచి సీసాకూ నాసిరకానికీ తేడా మొదటి నిమిషంలో తెలియదు, ఈ మలుపులో తెలుస్తుంది. నాసిరకంలో కమలా పోయిన చోట గొయ్యి. నేరుగా చక్కెరలో పడతాం.

బాబాయ్: నా అసలు పేచీ ఆ చక్కెరతోనే. నిమ్మ తొందరగా పోతుందన్నది చిన్న ఫిర్యాదు. పోవాల్సింది పోదన్నది పెద్ద ఫిర్యాదు. ఆ పీచుమిఠాయి వాసన ఇథైల్ మాల్టాల్‌ది. 1992లో ఏంజెల్ అనే సెంటు దాన్ని దండిగా వాడి జనం ఆ రుచి మరిగేలా చేసింది. అది ఫ్రాన్సు చలిలో పుట్టింది, అక్కడ ఉన్ని కోటు మీద బాగానే ఉంటుంది. ఇక్కడ ఉక్కపోతలో చెమట ఉప్పూ పులుపూ కలిసి, మూడో గంటకల్లా మిఠాయి కొట్టు వెనకవైపు పాకం పొంగి మాడినట్టు తయారవుతుంది. గుంటూరు ఏసీ బస్సులో తలుపులు మూశాక, ఆ 35 కిలోమీటర్లూ పక్క సీటువాళ్లకు కడుపులో తిప్పుతుంది. వట్టివేరు అత్తరు రాసుకున్న మనిషి పక్కన కూర్చుంటే ఎవరికైనా ఇబ్బందా?

అమ్మాయి: తీపినంతా ఒకే గాటన కట్టకండి బాబాయ్. పండు తీపి వేరు, చక్కెర తీపి వేరు. పీచ్ వాసన గామా అన్‌డెకలాక్టోన్ అనే సరుకుది. గెర్లాన్ కంపెనీ వాళ్ల మిత్సుకో సెంటులో 1919లోనే ఉంది. మనవాళ్లలో చాలామంది పీచ్ పండు చూసి ఉండరు. నూజివీడు రసం పండు బాగా మాగాక తొడిమ దగ్గర ముక్కు పెట్టండి: మెత్తగా, వెన్నలాగా, కాస్త పాలవాసనతో ఉంటుంది. మామిడిలోనూ ఆ జాతి లాక్టోన్లే ఉంటాయి. అందుకే ఇక్కడి ముక్కుకు ఇది పరాయి వాసన కాదు. ఇంకో సంగతి, తలకు కొబ్బరినూనె రాసుకునేవాళ్ల మీద పీచ్ మరీ చిక్కబడుతుంది. కొబ్బరి వాసనగా వాడే లాక్టోను దీనికి దగ్గరి చుట్టం, రెండు కార్బన్ల తేడా. వాళ్లు రెండు నొక్కులతో ఆపాలి. అనాస ఇలా కాదు, చురుగ్గా లేచి గంటలో సద్దుమణుగుతుంది. మూడో గంటలో ఒంటి మీద ఉండేది మాగిన మామిడా, మాడిన పాకమా అన్నది సీసాను బట్టి. పాపం నిమ్మది కాదు.

బాబాయ్: సీసాను బట్టి అన్నావు. కొనేవాళ్లకు ఆ సంగతి తెలుస్తుందా? "ఈడీటీ నిలవదంట, ఈడీపీ ఇవ్వండి" అంటారు, మీరు తీసిస్తారు. ఈడీటీలో సెంటు సరుకు నూటికి 5 నుంచి 15 పాళ్లు, ఈడీపీలో 15 నుంచి 20. ఆ పెరిగిన పాళ్లలో కమలా ఎంత, వెనిలా ఎంత?

అమ్మాయి: చాలా సీసాల్లో పెరిగేది వెనిలా, మస్కే. కమలా రెట్టింపు పోసినా రెట్టింపు సేపు ఉండదు, కాబట్టి ఈడీపీ పేరుతో అడుగు బలపరుస్తారు. నిలకడ కోసమని కొన్నవాళ్లు నిజానికి తీపి కొనుక్కుంటున్నారు. మన ఎండకు ఈడీటీయే తీసుకుని, 10 ఎంఎల్ చిన్న స్ప్రే సీసాలోకి కొంత పోసుకుని సంచిలో ఉంచుకోమంటాను. పొద్దున మూడు నొక్కులు, మధ్యాహ్నం రెండు, సాయంత్రం రెండు. ఒక్కో నొక్కుకు సుమారు 0.1 ఎంఎల్ వస్తుంది. 100 ఎంఎల్‌లో వెయ్యి నొక్కులు. రోజుకు ఏడైతే 140 రోజులు. మీరు దండగన్న మూడు వేలు రోజుకు 21 రూపాయలు.

బాబాయ్: మళ్లీ కొట్టడంలోనే ఉంది చిక్కు. పొద్దుటి అడుగు ఒంటి మీదే ఉంది, దాని మీద ఇంకో పొర. కమలా పది నిమిషాలు తళుక్కుమని పోతుంది, వెనిలా రెండింతలై కూర్చుంటుంది. సాయంత్రానికి మూడింతలు. కొట్టుకున్నవాళ్లకు తెలియదు, ఎందుకంటే ముక్కు పావుగంటలో అలవాటు పడిపోతుంది. కొన్ని మస్క్‌లైతే కొందరి ముక్కుకు పుట్టుకతోనే అందవు. "పోయింది, పోయింది" అంటూ నొక్కుతూనే ఉంటారు. ఎదుటివాళ్లు మొహమాటానికి చెప్పరు.

అమ్మాయి: ఇది సరైన మాట. స్ప్రేల మీద వచ్చే ఫిర్యాదుల్లో సగం ఇక్కడే పుడతాయి. అందుకే రెండోసారి చర్మం జోలికి పోకూడదు. పొద్దున స్నానం చేసి, ఒళ్లు తుడుచుకుని, ఫ్యాను కింద పది నిమిషాలు ఆరాక కొట్టుకోవాలి. చెమట పట్టిన ఒంటి మీద కొడితే చెమటతోనే కారిపోతుంది. పొడి చర్మమైతే వాసన లేని క్రీము పలచగా రాయాలి. పౌడర్ వేసిన చోట వద్దు, పౌడర్ వాసన కమలాను మింగేస్తుంది. మణికట్లు రుద్దుకోవద్దు. రుద్దితే వాసన అణువులు నలిగిపోతాయని చెబుతారు గానీ అలాంటిదేమీ లేదు, ఒరిపిడి వేడికి పైవాసన ఇంకా ముందే లేచిపోతుంది. మధ్యాహ్నం రెండు నొక్కులూ నూలు చున్నీ అంచుకో, చొక్కా లోపలి వైపుకో, జానెడు దూరం నుంచి. బట్టకు ఒంటంత వేడి ఉండదు, కమలా కూడా ఇంకాస్త ఆగుతుంది. పట్టు మీదా, ముత్యాల మీదా ఎప్పుడూ వద్దు. కలరా ఉండలు వేసిన బీరువాలోంచి అప్పుడే తీసిన బట్ట మీద ఏ సెంటైనా దండగ. దేవుడి దీపం దగ్గరా, పొయ్యి దగ్గరా కొట్టకూడదని వేరే చెప్పక్కర్లేదు, అందులో ఎక్కువ భాగం స్పిరిటే.

బాబాయ్: పొద్దుటివి మూడూ మెడ మీదేనా? నా భయం అక్కడ. బెర్గమాట్, నిమ్మ తొక్కలు పిండిన నూనెల్లో బెర్గాప్టెన్ అని ఒకటుంటుంది. అది చర్మం మీదుండగా ఎండ తగిలితే ముందు ఎర్రబడి, తర్వాత సెంటు కారిన దారి వెంట నల్లటి చారికలు పడతాయి. నిమ్మకాయలు పిండిన చేతులు కడుక్కోకుండా ఎండలోకి పోయినవాళ్లకు వేళ్ల మీద వచ్చే మచ్చల్లాంటివే. బెర్లాక్ డెర్మటైటిస్ అని దానికి పేరు కూడా ఉంది. ఆ చారికలు నెలల తరబడి పోవు.

అమ్మాయి: పద్ధతిగా తయారైన సెంట్లలో బెర్గాప్టెన్ తీసేసిన బెర్గమాటే వాడతారు. ఒంటి మీద ఉండిపోయే సరుకులో అది పది లక్షల్లో 15 పాళ్లు దాటకూడదని అంతర్జాతీయ సుగంధ సంఘం ఇఫ్రా నియమం. కమలా తొక్కనూనెకు ఆ దోషమే లేదు. నేను భయపడేది లేబుల్ లేని లూజు సెంటుకు, ఇంట్లో నిమ్మనూనె కొబ్బరినూనెలో కలిపి రాసుకునేవాళ్ల గురించీ. వాళ్లు ఎండలోకి అసలు వెళ్లకూడదు. ఈ సీసా అయినా మెడ ముందువైపు నేను చెప్పను. మెడ వెనక జుట్టు కింద ఒకటి, బట్ట చాటున ఛాతీ మీద రెండు. బయటకు కనబడే చర్మం మీద ఒక్కటీ వద్దు.

బాబాయ్: ఒంటి సంగతి అలా ఉంచు. సీసానే ఎండ కొడుతుంది కదా. మేడ మీద గది, నెత్తిన స్లాబు, కిటికీ పక్కన అద్దం బల్ల, దాని మీద సీసా. లేకపోతే బండి డిక్కీలో. మంచి గంధం మీద దించిన అత్తరు ఏళ్లు గడిచేకొద్దీ మెత్తబడి బాగుపడుతుంది. నిమ్మజాతి అలా కాదు, గాలి తగిలితే లిమోనీన్ పాడవుతుంది.

అమ్మాయి: పాడైందని పట్టుకోవడం తేలికే. మొదటి క్షణంలో స్పిరిట్ ఘాటు ఎప్పుడూ ఉంటుంది, అది లెక్క కాదు. అర నిమిషం ఆగాక కూడా కమలా బదులు టర్పెంటైన్, వార్నిష్ వాసన వస్తే అయిపోయినట్టే. ఆ సీసా ఒంటికి వాడకూడదు. పాడైన లిమోనీన్‌తో దద్దుర్లు వస్తాయి. రంగు ముదిరినంత మాత్రాన పారేయొద్దు, వెనిలా ఉన్నవి మంచిగా ఉన్నా గోధుమ రంగుకు తిరుగుతాయి. అట్టపెట్టెలోనే ఉంచి బీరువా కింది అరలో పెట్టాలి. ఫ్రిజ్‌లో పెడితే అక్కడే ఉంచాలి, పూటకోసారి బయటికి తీయకూడదు. సగం ఖాళీ అయిన సీసాలో సగం గాలే ఉంటుంది కాబట్టి, ఏడాదిలో అవగొట్టలేనివాళ్లు 50 ఎంఎల్ లేదా 30 ఎంఎల్ కొనుక్కోవాలి.

బాబాయ్: చూశావా, ఇప్పుడు నీ 21 రూపాయల లెక్క తప్పింది. చిన్న సీసాలో ఎంఎల్ ధర ఎక్కువ.

అమ్మాయి: ఎక్కువే. పాడైన 70 ఎంఎల్ పారబోయడం కన్నా అది నయం.

బాబాయ్: సరే, కొనేముందు ఏం చేయాలో చెప్పు. కొట్లో అయిదు నిమిషాలు వాసన చూస్తే నీ చేతిలోది ఏ సీసా అయినా నెగ్గుతుంది.

అమ్మాయి: కాగితం పట్టీ మీద, మోచేతి లోపలి మడతలో, ఒక్కో నొక్కు. పట్టీ ఇవ్వకపోతే డ్రాయింగ్ షీటు వేలెడు వెడల్పున కోసుకున్నా చాలు. నున్నటి విజిటింగ్ కార్డు పనికిరాదు, పీల్చుకోదు. పట్టీ మీద పెన్సిల్‌తో టైము రాసుకోవాలి. ఆరోజు ఇంకో సెంటు ముట్టకూడదు. డబ్బివ్వకుండా బయటికి వచ్చేయాలి. పది నిమిషాలయ్యాక: కమలా వెనక చేదు ఉందా, చక్కెర ఉందా. గంటకు: అనాస దిగాక పీచ్ మెత్తగా ఉందా, ప్లాస్టిక్‌లా ఉందా. మూడు గంటలు ఎండలోనూ ఏసీలోనూ తిరిగాక పట్టీనీ చేతినీ పక్కపక్కన పెట్టి చూసుకోవాలి. పట్టీ మీద బాగుండి చేతి మీద పాకం కొడితే ఆ సీసా వాళ్ల చెమటకు సరిపడలేదు. చేతి మీద ఏమీ లేదనిపిస్తే ఇంట్లో ఇంకొకళ్లను వాసన చూడమనాలి, తమ ముక్కును నమ్మకూడదు.

బాబాయ్: అప్పుడు అడుగు, "ఈ మూడో గంట వాసనకు మూడు వేలు ఇస్తారా" అని. "ఇవ్వం" అనేవాళ్లే ఎక్కువ ఉంటారు.

అమ్మాయి: అడుగుతాను. "ఇవ్వం" అంటే వట్టివేరు కోసం మీ దగ్గరికే పంపిస్తాను. పొద్దున్నే ఆ పది నిమిషాల కమలా కోసమే కావాలన్నవాళ్లకు మాత్రం అమ్ముతాను బాబాయ్. నలభై మూడు డిగ్రీల్లోకి అడుగుపెట్టే ముందు మనిషికి అదీ ఒక ఆసరాయే. రోజూ గుంటూరు బస్సెక్కేవాళ్లకు మాత్రం పీచుమిఠాయి సీసా ఇవ్వను. చేదు ఎక్కువున్న గ్రేప్‌ఫ్రూట్‌ది ఇస్తాను, రెండు నొక్కులు.

బాబాయ్: ఒకటి. అదీ బట్ట మీద.