కడితేనే టైపు పడుతుంది

మార్చి నెలాఖరున మిర్యాలగూడ నుంచి మా బావ ఫోన్ చేశాడు. ఆయనది చిన్న రైస్ మిల్లు. లారీ నంబరు, బస్తాలు, తూకం, హమాలీ, పార్టీల బాకీ, అన్నీ కంప్యూటర్‌లో ఒకే ఎక్సెల్ షీట్‌లో ఉంటాయి. "ఫైల్ తెరుచుకుంటోంది బావా, అంకె మాత్రం పడట్లేదు" అన్నాడు. వీడియో కాల్‌లో చూస్తే స్క్రీన్ పైన ఒక పట్టీ: మైక్రోసాఫ్ట్ 365 సబ్‌స్క్రిప్షన్ గడువు ముగిసింది. ఆటో డెబిట్‌కు ఇచ్చిన పాత కార్డు ఎక్స్‌పైర్ అయిపోయింది. మెసేజ్ వచ్చే ఉంటుంది, లోన్ ఆఫర్ల మెసేజ్‌ల మధ్య దాన్ని ఎవరు చూస్తారు? కొత్త కార్డు పెట్టి, మర్చిపోయిన పాస్‌వర్డ్ మార్చి, మళ్లీ లాగిన్ అయ్యేసరికి గంటన్నర. ఈలోపు వచ్చిన మూడు లారీల లెక్క గుమస్తా పాత చిట్టా పుస్తకంలో పెన్నుతో రాసేశాడు.

ఇందులో సాఫ్ట్‌వేర్ కంపెనీ తప్పేమీ లేదు. కట్టలేదు, ఆగింది. కానీ పదేళ్లుగా తాను రాసుకున్న లెక్కలో తానే ఒక అంకె మార్చలేకపోవడం బావకు మింగుడుపడలేదు.

ఆఫీస్ సాఫ్ట్‌వేర్ కొనుక్కునే రోజులే బాగుండేవని చాలామంది అంటారు. నిజం చెప్పుకుందాం, మనలో ఎంతమంది దాన్ని కొన్నాం? సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో కంప్యూటర్ అసెంబుల్ చేయిస్తే వర్డ్, ఎక్సెల్ అందులోనే వేసిచ్చేవారు. బిల్లు ఇవ్వలేదేమని అడిగినవాళ్లు నాకు తెలిసి లేరు. కొనకుండా సబ్‌స్క్రిప్షన్ కట్టి వాడుకునే ఆఫీస్ 365ను మైక్రోసాఫ్ట్ 2011 జూన్‌లో వ్యాపారాల కోసం తెచ్చింది, 2013 జనవరిలో ఇళ్లకూ ఇచ్చింది. 2014లో మన హైదరాబాదీ సత్య నాదెళ్ల సీఈఓ అయ్యాక కంపెనీ మొత్తం క్లౌడ్ వైపు, అంటే ఇంటర్నెట్‌లో తన సర్వర్ల మీద నడిపే సేవల వైపు తిరిగింది. 2020లో పేరు మైక్రోసాఫ్ట్ 365 అయింది.

వ్యాపారానికి ఈ పద్ధతి దండగని నేను అనను. పదిమంది ఉన్న ఆఫీసులో ఒకప్పుడు మూలన సర్వర్, దానికో యూపీఎస్, అది చెడితే వచ్చే మనిషి కోసం ఎదురుచూపులు ఉండేవి. బ్యాకప్ అంటే ఎవరి జేబులోనో ఉన్న పెన్ డ్రైవ్. ఇప్పుడు మెయిల్, ఫైళ్లు, సెక్యూరిటీ అప్‌డేట్లు అన్నీ వాళ్లే చూసుకుంటారు. కట్టిన జీఎస్టీకి ఇన్‌పుట్ క్రెడిట్ కూడా వస్తుంది. ఒక్క హార్డ్ డిస్క్ పోయి ఏడాది లెక్కలు పోగొట్టుకున్నవాళ్లకు ఈ ఖర్చు పెద్దది కాదు.

నా టెన్షన్ ఖర్చు గురించి కాదు, బేరం గురించి. కొన్న వస్తువుకు బేరం ఒక్కసారే. నెలనెలా కట్టేదానికి బేరం ఎప్పటికీ తెగదు, పైగా రేటు చెప్పేది ఎప్పుడూ అవతలివాళ్లే. మైక్రోసాఫ్ట్ ఇళ్ల ప్లాన్లలో కోపైలట్ అనే ఏఐని కలిపి రేటు పెంచింది. అమెరికాలో పర్సనల్ ప్లాన్ నెలకు 6.99 డాలర్ల నుంచి 9.99కి వెళ్లింది. మన దగ్గరా పెరిగింది. మనం అడగని చానళ్లు ప్యాక్‌లో కలిపి కేబుల్ బిల్లు పెంచడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే.

ఆస్ట్రేలియాలో వ్యవహారం కోర్టుకెక్కింది. అక్కడ పర్సనల్ ఏడాది ప్లాన్ 109 ఆస్ట్రేలియా డాలర్ల నుంచి 159 అయింది. కోపైలట్ లేకుండా పాత రేటుకే 'క్లాసిక్' ప్లాన్ ఉన్నా సుమారు 27 లక్షల మందికి ఆ సంగతి చెప్పలేదని వినియోగదారుల కమిషన్ 2025 అక్టోబర్‌లో కేసు వేసింది. క్యాన్సిల్ నొక్కి కొంతదూరం వెళ్తే తప్ప ఆ ప్లాన్ కనిపించేది కాదట. తర్వాత మైక్రోసాఫ్ట్ క్షమాపణ చెప్పి, పాత ప్లాన్‌కు మారేవారికి రీఫండ్ ఇస్తామంది. పోతామంటే గానీ పాత రేటు చెప్పని షాపు మన బజార్లోనూ ఉంటుంది, కాకపోతే అక్కడ పక్క షాపు కూడా ఉంటుంది.

కట్టకపోతే ఆగడం సరే, కట్టినా ఆగితే? 2025 జులైలో గుజరాత్‌లోని వాడినార్ రిఫైనరీ నడిపే నయారా ఎనర్జీకి అదే అయింది. అందులో రష్యా కంపెనీ రాస్‌నెఫ్ట్‌కు 49 శాతానికి పైగా వాటా ఉంది. యూరోపియన్ యూనియన్ నయారాపై ఆంక్షలు పెట్టింది, కొద్ది రోజులకే మైక్రోసాఫ్ట్ మెయిల్, టీమ్స్ సేవలు నిలిచిపోయాయి. లైసెన్సులకు పూర్తిగా డబ్బు కట్టామంటూ నయారా ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది, ఆ వెంటనే సేవలు తిరిగొచ్చాయి. భారత చట్టంలో ఆ ఆంక్షలు లేవు. అయినా మెయిల్ ఆగింది. అంత పెద్ద రిఫైనరీ కాబట్టి కోర్టుకు వెళ్లగలిగింది, మా బావ మిల్లు వెళ్లగలదా?

2025లో కేంద్రంలో కొందరు మంత్రులు ఇలాంటి మెయిల్, ఆఫీస్ సాఫ్ట్‌వేరే ఇచ్చే మన దేశపు కంపెనీ జోహో వైపు వెళ్లారు, ఆ అక్టోబర్‌లో అమిత్ షా తన మెయిల్ దానికి మార్చుకున్నట్టు ప్రకటించారు. కంపెనీ మన దేశంలో ఉండటం వల్ల కోర్టు దగ్గరవుతుంది, అది లాభమే. కానీ జోహో వ్యాపార ప్లాన్లూ సబ్‌స్క్రిప్షన్లే.

అందుకే ఏ కంపెనీది అన్నదానికంటే ముందు అడగాల్సింది, ఈ ఫైల్ రేపు ఇంకోచోట తెరుచుకుంటుందా అని. తెలుగు డీటీపీ సెంటర్ల వాళ్లను అడగండి, ఈ బాధ వాళ్లకు ఎప్పుడో తెలుసు. అను ఫాంట్లలో టైప్ చేసిన పెళ్లికార్డు ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో తెరిస్తే తెలుగు పోయి పిచ్చి ఇంగ్లిష్ అక్షరాలు కనిపిస్తాయి. దానితో పోలిస్తే నేటి వర్డ్, ఎక్సెల్ ఫైళ్లు నయం. ఉచితంగా దొరికే లిబ్రెఆఫీస్‌లోనూ తెరుచుకుంటాయి, తెలుగు యూనికోడ్‌లో, అంటే అన్ని కంప్యూటర్లూ గుర్తించే ఉమ్మడి అక్షర పద్ధతిలో ఉంటే అక్షరం చెదరదు. పిల్లల ప్రాజెక్టు, రెజ్యూమె, ఇంటి ఖర్చుల పట్టిక తప్ప ఏమీ చేయని ఇంటికి అదో, గూగుల్ డాక్సో చాలు. ఒక్కసారి కొనుక్కునే ఆఫీస్ 2024 ఇప్పటికీ ఉంది, దానికి 2029 అక్టోబర్ దాకా సపోర్ట్ ఇస్తారు. ఇవన్నీ చూడకుండా ఇంటికి ఏడాది ప్లాన్ కట్టడం నా దృష్టిలో అనవసరం.

మిల్లులో గుమస్తా కంప్యూటర్‌లో లిబ్రెఆఫీస్ వేసి చూశాం. లెక్కలన్నీ సరిగ్గానే వచ్చాయి గానీ లారీ చిట్టీ ప్రింట్ తీసే మాక్రో (ఎక్సెల్‌లో రాసిపెట్టిన చిన్న ప్రోగ్రాం) మాత్రం పనిచేయలేదు. దాంతో బావ మళ్లీ ఏడాదికి కట్టేశాడు. శనివారం సాయంత్రం షీట్ కాపీ ఒకటి పెన్ డ్రైవ్‌లో వేసి గల్లాపెట్టెలో పెడుతున్నాడు.