నీలి డిస్‌ప్లే ఎక్కడైనా కనిపిస్తుందన్న మాట నిజం కాదు

"ఎలక్ట్రానిక్స్ ప్రాజెక్టుకి 16×2 ఎల్‌సీడీ కొంటే నీలిదే కొనండి. తెల్ల అక్షరాలు ఎక్కడైనా మెరుస్తాయి, ఆకుపచ్చది పాతకాలంది. అక్షరాలు రాకపోతే పీస్ పోయినట్టే. దూరం నుంచి చదవాలంటే 20×4 తీసుకోండి." ఇప్పుడు ఎవర్ని అడిగినా ఈ సలహానే చెబుతున్నారు. (16×2 అంటే వరసకి 16 అక్షరాల చొప్పున రెండు వరసలు చూపే చిన్న తెర, 20×4 అంటే 20 అక్షరాల చొప్పున నాలుగు వరసలు.) కొత్తగా నేర్చుకునే పిల్లలు దీన్ని నమ్మి డబ్బు పోగొట్టుకుంటున్నారు.

నీలిది "ఎక్కడైనా" మెరవదు. గదిలో బాగుంటుంది, ఒప్పుకుంటాను. కానీ దాని అక్షరాలకి వెనకున్న ఎల్‌ఈడీ వెలుగే ఆధారం. ఎండలో ఆ వెలుగు చాలదు. మా బోరు మోటారుకి టైమర్ తయారుచేసి షెడ్డు బయట గోడకి నీలి డిస్‌ప్లే బిగించాను. మధ్యాహ్నం మా నాన్న అరచెయ్యి అడ్డం పెట్టి, మొహం దగ్గరగా ఆనించి చూసినా ఇంకా ఎన్ని నిమిషాలుందో కనపడలేదు. అదే చోట ఆకుపచ్చది పెడితే నాలుగడుగుల దూరం నుంచే చదివారు. ఆ రకంలో నల్లటి అక్షరాల వెనకున్న పొర బయటి వెలుగును తిప్పి పంపుతుంది. అందుకే ఎండ ఎక్కువైన కొద్దీ అక్షరం తేటపడుతుంది. పగలు బ్యాక్‌లైట్ ఆపేసినా పనికొస్తుంది, బ్యాటరీతో నడిపేవాళ్లకి ఇది చాలా పెద్ద సంగతి. నీలిదాంట్లో లైటు ఆపితే దాదాపు ఏమీ కనపడదు. రెండింటికీ కోడ్ మాత్రం ఒకటే.

"పీస్ పోయినట్టే" అన్న మాట వింటే నాకు నిజంగా బాధేస్తుంది. మా పక్కింటి ఇంటర్ కుర్రాడు ఇలాగే ఒకటి చెత్తబుట్టలో వేశాడు. తీసి, మూడో పిన్‌కి కలిపిన 10కె ప్రీసెట్‌ని (తిప్పి విలువ మార్చుకునే చిన్న రెసిస్టర్) చిన్న స్క్రూడ్రైవర్‌తో కాస్త తిప్పాను. వాడు రాసిన "హలో" తేలింది! కాంట్రాస్ట్, అంటే అక్షరం ఎంత ముదురుగా కనిపించాలన్నది, ఆ పిన్ చేతిలోనే ఉంటుంది. 5 వోల్టుల మాడ్యూల్ (డిస్‌ప్లే బోర్డు) అయితే అక్కడ సాధారణంగా 1 వోల్టు లోపే ఉండాలి. పై వరసలో నల్ల డబ్బాలే కనిపిస్తుంటే కాంట్రాస్ట్ బాగానే ఉన్నట్టు, వైరింగో కోడో చూసుకోవాలి. 5 వోల్టుల మాడ్యూల్‌కి 3.3 వోల్టులు ఇచ్చినా ఇదే తంటా: లైటు వెలుగుతుంది, అక్షరం రాదు.

ఇక 20×4 మాట. బోర్డు పెద్దదే గానీ అక్షరం చిన్నది. మామూలు 16×2లో అక్షరం ఎత్తు సుమారు 5.5 మి.మీ. ఉంటే, మామూలు 20×4లో 4.8 మి.మీ. దాకానే ఉంటుంది. దూరం నుంచి చదవాలంటే 16×2లోనే 122×44 మి.మీ. సైజు పెద్ద బోర్డు అడగండి, దాంట్లో అక్షరం 9 మి.మీ. దాటుతుంది. గోడకి బిగించేటప్పుడు కంటి ఎత్తులో పెట్టండి. చవక మాడ్యూళ్లు చాలావరకు కింది వైపు నుంచి చూసేందుకు చేసినవి, పైనుంచి వంగి చూస్తే వెలిసిపోయినట్టుంటాయి.

మా షెడ్డు దగ్గర ఇప్పటికీ ఆకుపచ్చదే ఉంది. దాని బ్యాక్‌లైట్‌కి వేరే స్విచ్ పెట్టాను. రాత్రి కరెంటు వచ్చి నీళ్లు పెట్టాల్సినప్పుడే నాన్న అది వేస్తారు.