పరీక్షకు రెండు గంటలు, అక్కడికి చేరడానికి నెలలు

రాబర్ట్ కోచ్ క్షయ క్రిమిని కనుక్కున్నట్టు ప్రకటించింది 1882 మార్చి 24న. ఆ తర్వాత వందేళ్లకు పైగా టీబీ పరీక్ష అంటే ప్రధానంగా తెమడను గాజు పలక మీద పూసి మైక్రోస్కోప్‌లో వెతకడమే. మిల్లీలీటరుకు కనీసం 5 వేల నుంచి 10 వేల క్రిములుంటే తప్ప అందులో కనపడవు. 2010లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదించిన జీన్ఎక్స్‌పర్ట్ అనే పరీక్ష యంత్రం మాత్రం రెండు గంటల లోపే క్రిమి ఉందో లేదో తేలుస్తుంది, అది టీబీకి వాడే ముఖ్యమైన మందు రిఫాంపిసిన్‌కు లొంగుతుందో లేదో కూడా చెప్పేస్తుంది.

అయినా 2023లో కోటీ 8 లక్షల మంది టీబీ బారిన పడితే, కొత్తగా గుర్తించింది 82 లక్షల మందినే. నన్నడిగితే, ఆలస్యమంతా యంత్రం దాకా రావడంలోనే ఉంది. దగ్గు మొదలైతే ముందు సిరప్. తగ్గకపోతే ఒక యాంటీబయాటిక్ కోర్సు. అది ఫ్లోరోక్వినలోన్ రకమైతే మరీ చిక్కు. క్షయ క్రిమిని కొంతకాలం అణచిపెడుతుంది గానీ జబ్బును నయం చేయదు. జ్వరం తగ్గి మనిషి తేరుకున్నట్టే ఉంటాడు, కొన్నాళ్లకు కథ మళ్లీ మొదటికొస్తుంది. ఈలోగా ఇంట్లోవాళ్లంతా ఆ గాలే పీలుస్తుంటారు.

తీరా పరీక్షకు వచ్చాక డబ్బా చేతికిచ్చి "ఉమ్మి పట్టుకురండి" అంటారు. చాలామంది నోట్లో ఊరిన లాలాజలాన్నే తెస్తారు. నురగ తేలే ఆ నీళ్లలో ఎంత గొప్ప యంత్రానికైనా ఏం దొరుకుతుంది? రెండు మూడుసార్లు గట్టిగా ఊపిరి పీల్చి, ఛాతీ లోపలి నుంచి దగ్గి, చిక్కటి కళ్లె తీయాలని చెప్పడానికి ఒక్క నిమిషం చాలు. ఆ నిమిషమే ఎవరికీ ఉండదు. చిన్నపిల్లలైతే ఉమ్మలేరు, మింగేస్తారు. వాళ్లకు మలంతోనూ ఈ పరీక్ష చేయొచ్చు.

పైగా టీబీ సర్వేల్లో బయటపడ్డవాళ్లలో దాదాపు సగం మందికి లక్షణాలే లేవు. దగ్గొచ్చాక వాళ్లే వస్తారులే అనుకుంటే వీళ్లు దొరకరు. ఎక్స్‌రే యంత్రమే జనం దగ్గరికి వెళ్లాలి.

చికిత్స నయం, కొంత ముందుకు నడిచింది. మామూలు మందులకు లొంగని మొండి టీబీకి ఒకప్పుడు ఏడాదిన్నర, రెండేళ్ల మందులు, వినికిడి దెబ్బతీసే ఇంజెక్షన్లు ఉండేవి. ఇప్పుడు బెడాక్విలిన్‌తో కలిపి నాలుగు మందులు, ఆరు నెలలు, అన్నీ మాత్రలే.

కానీ రెండు గంటల్లో తేలిన ఫలితం రోగికి తెలిసేది అతను మళ్లీ వచ్చినప్పుడే అయితే ఏం లాభం? రోజుకెన్ని పరీక్షలు చేశామన్న లెక్క ఎలాగూ రాస్తారు. చికిత్స కార్డు మీద దగ్గు మొదలైన తేదీని, తొలి మాత్ర వేసుకున్న తేదీని కూడా పక్కపక్కనే రాయాలి.